ఖాళీకి కొలత

కొలతల పుస్తకంలో ఖాళీకి గడి లేదు.
ఇటుకకుంది, ఇసుకకుంది,
పునాదిలో కూరిన కంకరకుంది.
"నడిమధ్యన ఇంత జాగా ఊరికే ఒగ్గేస్తే
నాకు బిల్లెవరు రాస్తారమ్మా?" అన్నాడు దాలినాయుడు,
తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.
అతని మాటా నిజమే.
నక్షా గీసినదాన్నే గానీ
ఖాళీ ఘనపుటడుగు ఎంతో నాకూ తెలీదు.

పెదజాలారిపేట మిట్ట మీది బడి.
సముద్రం రెండు వందల గజాల్లో ఉంది,
పిల్లలకి వినపడుతుంది, అంతే.
ఉప్పుకి కిటికీ చువ్వలు తుప్పుపడతాయని
అటువైపు ఎవరో ఎప్పుడో గోడ మూసేశారు.
ఏప్రిల్లో, పదకొండింటికి,
ఆరో తరగతి గదిలో థర్మామీటరు వేలాడదీశాను.
ముప్పై ఏడు.
అంకెలో లేనిది ఉక్క.
ఈ ఊరి ఉక్కు లోకానికి తెలుసు,
ఉక్క మాకే తెలుసు.
ఫ్యాను తిరుగుతోంది,
నిన్నటి గాలినే మళ్లీ మళ్లీ వడ్డిస్తోంది.
బెల్లు కొట్టగానే లేచిన పిల్లొకతె
మోచేతికి అంటుకున్న కాగితాన్ని ఊడబెరుక్కుంది;
భిన్నాల లెక్క సగం
తిరగేసిన అంకెలతో చేతి మీదే ఉండిపోయింది.

నైరుతి నుంచి బాణం గీసి వివరిస్తుంటే
ఏడో తరగతి మైలపల్లి నూకరత్నం నవ్వింది.
"పొద్దుటేల గాలి కొండ మీంచండి.
మాయ్య ఏటకెల్లేది దాన్తోనే.
పది దాటితే తిరుగుద్ది, ఆ మూలనుంచొత్తాది.
మీ బాణం కూసింత సముద్రం కేసి జరపండి."
రబ్బరు కూడా తనే ఇచ్చింది.
పన్నెండేళ్ల వాతావరణ లెక్కలు సంచిలో పెట్టుకొచ్చినదాన్ని,
బాణం రెండు వేళ్లు జరిపాను.

"సముద్రం వైపు తెరిస్తే తుపానుకేం చెప్తారు?"
అడిగారు హెడ్మాస్టరు గురుమూర్తి గారు.
నేను వెతుక్కుంటున్న జవాబు
గ్లాసులు కడుగుతున్న ఆయా పైడితల్లి దగ్గరుంది.
"హుద్‌హుద్‌కి ఆ గోడే గదా బాబూ కూలింది.
మళ్లీ కట్టేదాకా మూడో తరగతి పిల్లలు
మద్దినేళ బల్ల మీద తలెట్టి
ఎంత చక్కగా పడుకునేవోరో."

అలా వచ్చింది లోవాకిలి.
ఎత్తు కంటే వెడల్పు తక్కువ,
ఎండ నేల దాకా దిగేది నడినెత్తిన ఉన్న కాసేపే.
సముద్రపు మూలన కింద రెండు గదులంత గుమ్మం,
ఎదుటి గోడకి పైన ఇటుక జాలీ,
ఇటుకకీ ఇటుకకీ నడుమ పిడికిలి దూరేంత సందు.
తుపానుకి చెక్క తలుపులు.
చుట్టూ వరండా, మధ్యన ఒక కానుగ మొక్క,
దాని నీడకి ఇంకా ఆరేళ్లు పడుతుంది.
రాత్రి చల్లబడ్డ నేల
పొద్దున్న ఇంటర్వెల్ దాకా చల్లదనం దాచుకుంటుంది.

మళ్లీ ఏప్రిల్. అదే థర్మామీటరు.
ముప్పై మూడున్నర.
మూడున్నర డిగ్రీల కోసమా ఇంత గొడవ, అన్నారు ఆఫీసులో.
వాళ్ల గదిలో ఏసీ ఉంది, వాదించలేదు.
లోపాలున్నాయి, దాచను:
రెండో తరగతి ఎక్కాలు
పదో తరగతి బీజగణితంలోకి వచ్చి పడుతున్నాయి.
కాకులు చద్దిడబ్బాల దారి నేర్చాయి.
మొదటి లిఖితపూర్వక ఫిర్యాదు మాత్రం వేరే:
పరీక్ష కాగితాలు ఎగిరిపోతున్నాయి.

మర్నాటికి ప్రతి బల్ల మీదా ఒక గులకరాయి.
కెరటం అరగదీసినవి, తలో రంగు,
అడుగున పెన్సిలుతో పేర్లు.
నూకరత్నం రాయి అందరికంటే పెద్దది.

దాలినాయుడు ఆఖరి కొలతకొచ్చాడు.
టేపు ఒక కొస నాకిచ్చి
రెండో కొసతో లోవాకిలి దాటుతూ
మధ్యలో ఆగిపోయాడు.
తువ్వాలు భుజం మీదే ఉంది.
ఎంతొచ్చిందని అడిగితే
కాస్త ఉండమన్నాడు.